దాచిన తల్లే సాగనంపింది

మూడేళ్లపాటు మా ఇంట్లో బడి గంట మోగలేదు. కుక్కర్ మూడో కూత వేస్తే మొదటి పీరియడ్‌కు వేళైందని అర్థం. ఉదయం ఆరింటికి కుటుంబ ప్రార్థన. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లోంచి ఒక పాట, బైబిల్లో ఒక అధ్యాయం. నలుగురం వంతులవారీగా చదివేవాళ్లం. తర్వాత నాన్న ఆఫీసుకు, అమ్మ పొయ్యి దగ్గరికి. ఇద్దరమ్మాయిలు హాల్లో చాప పరచుకుని పుస్తకాలు తెరిచేవారు. 2021లో పెద్దమ్మాయికి పన్నెండేళ్లు నిండాయి, చిన్నదానికి పదేళ్లు. అప్పటినుంచి వాళ్లిద్దరికీ ఇల్లే బడి.

ఎందుకిలా చేశారని అడగనివారు లేరు. పక్కవాటా పిన్నిగారైతే ‘ఫీజులు కట్టలేక మానిపించారా అమ్మా?’ అని జాలిపడ్డారు. సంఘంలో కొందరు ‘పిల్లల్ని లోకానికి దూరంగా పెంచుతున్నారు, మంచి సాక్ష్యం’ అని మెచ్చుకున్నారు. జాలికి నొచ్చుకున్నాం, మెప్పుకు పొంగిపోయాం. ఆ రెండూ నిజానికి దూరమేనని మాకు తెలియడానికి మూడేళ్లు పట్టింది.

అసలు కారణం చాలా మామూలుది. పెద్దమ్మాయి చదివిన బడిలో ఆరో తరగతినుంచే ర్యాంకులు, వారం వారం స్లిప్ టెస్టులు, సాయంత్రం ఆరు దాకా స్టడీ అవర్. సోమవారం పరీక్ష ఉందంటే ఆదివారం ఆరాధనలోనే పిల్లకు కడుపునొప్పి మొదలయ్యేది. డాక్టరుగారు అన్ని పరీక్షలూ చేయించి ‘కడుపులో ఏమీ లేదు, మనసులో ఉంది’ అన్నారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి బడులు మూతపడ్డాయి. ఫోన్లో పాఠాలతో కుస్తీపడుతూనే పిల్ల మళ్లీ నవ్వడం మొదలుపెట్టింది. కడుపునొప్పి మాయమైంది. బడి తలుపులు తెరిచాక ఆమెను మళ్లీ అక్కడికి పంపడానికి మా మనసొప్పలేదు. పెళ్లికి ముందు ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పిన అనుభవం అమ్మకు ఉంది. చిన్నమ్మాయి ‘అక్క ఇంట్లో ఉంటే నేనెందుకు వెళ్లాలి?’ అంది. అలా మొదలైంది.

కాగితాల భయం మాకూ ఉండింది. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఆరునుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు ఉచిత నిర్బంధ విద్య ఇవ్వాలంటుంది. ఇంట్లో చదివించడం గురించి అందులో స్పష్టమైన మాట లేదు. ఇలా చదివించే కుటుంబాల్లో చాలామంది పదో తరగతికి ఓపెన్ స్కూల్ దారి పడతారు. మన రెండు తెలుగు రాష్ట్రాలకూ వేర్వేరుగా ఓపెన్ స్కూల్ సొసైటీలున్నాయి. మేము 1989లో ఏర్పడిన జాతీయ సంస్థను, అంటే ఎన్ఐఓఎస్‌ను ఎంచుకున్నాం. పద్నాలుగేళ్లు నిండితే పదో తరగతికి నమోదు చేసుకోవచ్చు. ఐదు సబ్జెక్టులు పాసవ్వాలి. ఏప్రిల్-మేలో ఒకసారి, అక్టోబరు-నవంబరులో మరోసారి పరీక్షలుంటాయి. ఒక సబ్జెక్టు పోయినా మిగిలినవి నిలిచే ఉంటాయి. నమోదు ఐదేళ్లు చెల్లుతుంది. పరీక్ష పేరు వింటేనే వణికే పిల్లకు ఆ వెసులుబాటే సగం మందు.

ఇడ్లీపిండిలో లెక్కలు

ఇల్లే బడైతే పాఠం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలియదు. ఒక గ్లాసు మినప్పప్పుకు రెండు గ్లాసుల ఇడ్లీరవ్వ, పండక్కి పదిమంది చుట్టాలొస్తే ఎన్ని గ్లాసులు? చిన్నమ్మాయికి నిష్పత్తులు అలాగే వచ్చాయి. కరెంటు బిల్లులో శ్లాబులు చూపించి శాతాలు చెప్పాం. ప్రతి శనివారం పిఠాపురంనుంచి తాతయ్య బస్సులో వచ్చేవారు. ఆయన రిటైరైన తెలుగు మాస్టారు. సంధులూ సమాసాలూ చెప్పి, పద్యం అప్పచెప్పించుకుని, అప్పుడుగాని కాఫీ ముట్టేవారు కాదు. మంగళవారం సాయంత్రాలు గ్రంథాలయానికి వెళ్లేవాళ్లం. నెలసరి మొదటిరోజు నొప్పితో మెలికలు తిరిగే పిల్లకు సెలవు చీటీ అవసరం లేదు. వేడినీళ్ల సంచి ఇచ్చి పడుకోబెట్టేవాళ్లం. ఆ పాఠం మర్నాటికి.

ఇంటిలో కూర్చున్నప్పుడూ, దారిలో నడుస్తున్నప్పుడూ పిల్లలకు దేవుని మాటలు నేర్పమని ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయంలో ఉంది. ఆ మాటను మేము అక్షరాలా చేస్తున్నామని ఆనందించాం. కాని అక్కడ ఇంకో సంగతి కూడా ఉంది. పిల్లలకు నేర్పకముందు ఆ మాటలు పెద్దల హృదయంలో ఉండాలి. రోజంతా ఎదురుగా ఉండే పిల్లలు మనం చెప్పే పాఠంకన్నా మన ముఖాన్నే ఎక్కువ చదువుతారు. పొద్దున ప్రార్థనలో శాంతం గురించి చదివి, పదింటికి గ్యాస్ బండ తెచ్చిన అబ్బాయిమీద అరిస్తే ఆ రోజు పాఠం ఏది?

మా తప్పులు ఒకటి కాదు. టీచరు కోప్పడితే పిల్ల ఇంటికొచ్చి అమ్మ ఒళ్లో ఏడుస్తుంది. అమ్మే టీచరైతే ఎవరి దగ్గర ఏడవాలి? బీజగణితం దగ్గర జరిగిన గొడవ అన్నం దగ్గరికీ వచ్చేది. చివరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటాక చదువు ఊసెత్తకూడదని నియమం పెట్టుకున్నాం. ఆ గీత దాటింది ఎక్కువసార్లు మేమే.

మరో తప్పు ఇంకా పెద్దది. ఆడపిల్లలు ఇంట్లోనే ఉంటే వాళ్ల చేతులు మనకు సొంత చేతుల్లా అలవాటైపోతాయి. ‘ఒక్కసారి అన్నం వార్చమ్మా’, ‘బట్టలు తీసుకురామ్మా, వానొస్తోంది.’ ఒకరోజు పెద్దమ్మాయి సైన్స్ నోటుబుక్కు తిరగేస్తే వారంలో మూడు రోజులు ఖాళీగా కనిపించాయి. ఆ మూడు రోజులూ మా ఇంటికి చుట్టాలు వచ్చారు! మాకు కొడుకే ఉంటే అతని పుస్తకం ఖాళీగా ఉండేదా? ఆ ప్రశ్న మమ్మల్ని సిగ్గుపడేలా చేసింది. మర్నాటినుంచి పనుల చీటీ రాసి గోడకు అంటించాం. అందులో నాన్న పేరు కూడా చేర్చాం.

ఒక్క మాట

2024 ఏప్రిల్-మే పరీక్షల్లో పెద్దమ్మాయి పదో తరగతి ఐదు సబ్జెక్టులూ పాసైంది. సైన్స్ ప్రాక్టికల్‌కు వెళ్లినప్పుడు అక్కడి మైక్రోస్కోపులో ఉల్లిపొర చూసిందట. ఇటుకలు పేర్చినట్టు కణాలు! వారంరోజులు ఆ ఊసే. అది విని మురిసిపోయాం గాని, ఆ ముచ్చటలో ఉన్న ఆకలిని మేము గుర్తించలేదు.

జూన్ నెలాఖరులో ఒక రాత్రి భోజనాల దగ్గర ‘కాలేజీలో బైపీసీ చేరతాను’ అంది. మేము సిద్ధంగా ఉన్నట్టే జవాబిచ్చాం. ఇంటర్ కూడా ఓపెన్లో ఇంట్లోనే చదవొచ్చు కదా అన్నాం. బయటి పరిస్థితులు చెప్పాం. స్నేహాలు, ఫోన్లు, బస్సులో ఆకతాయిలు, మళ్లీ ర్యాంకులు, మళ్లీ కడుపునొప్పి. అంతా విని, కంచంలో వేలితో గీతలు గీస్తూ అంది:

‘నాన్నా, మీరు మమ్మల్ని చదివిస్తున్నారా? దాస్తున్నారా?’

ఎవరమూ మాట్లాడలేదు. ఎదురు చెప్పిందన్న కోపంతో నాన్న కంచం వదిలి లేచిపోయారు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ ఎవరికీ గుడ్‌నైట్ చెప్పుకోలేదు.

తెల్లవారి ప్రార్థనకు కూర్చున్నాం గాని ఎవరి ముఖమూ ఎవరూ చూడలేదు. వరుసగా చదువుతున్న మేము ఆదికాండం ముగించి, ముందురోజే నిర్గమకాండంలో అడుగుపెట్టాం. రెండో అధ్యాయం చదివే వంతు చిన్నమ్మాయిది. మోషే పుట్టుక. హెబ్రీయుల మగబిడ్డల్ని నదిలో పారేయమని ఫరో ఆజ్ఞ. తల్లి ఆ బిడ్డను మూడు నెలలు దాచింది. ఇక దాచలేని రోజొచ్చినప్పుడు జమ్ముపెట్టె తీసుకుని, జిగటమన్నూ కీలూ పూసి, బిడ్డను అందులో పెట్టి ఏటి ఒడ్డున జమ్ములో ఉంచింది. ‘దాచలేక’ అన్న దగ్గర చిన్నదాని గొంతు ఆగింది. అక్క వైపు చూసింది.

ఈ కథ మేము చిన్నప్పటినుంచి విన్నదే. సండే స్కూల్లో బొమ్మ గీసిందే. కాని ఆ ఉదయం మా ఇంటి గురించే రాసినట్టుంది. యోకెబెదు దాచడం తప్పు కాదు. మోషే తల్లిదండ్రులు రాజాజ్ఞకు భయపడక, విశ్వాసంతోనే ఆ బిడ్డను దాచారని హెబ్రీ పత్రిక పదకొండో అధ్యాయం సాక్ష్యమిస్తుంది. దాచే కాలం ఒకటుంటుంది. పన్నెండేళ్ల పిల్ల కడుపునొప్పితో ముడుచుకుపోయినప్పుడు ఆమెను ఇంట్లోకి తీసుకోవడం సబబే. అయితే ఆ తల్లికి మూడు నెలలు నిండాయని తెలిసింది. మాకు మూడేళ్లు నిండినా తెలియలేదు. ఆమె విశ్వాసంతో దాచింది. మేము మొదట ప్రేమతో దాచి, తర్వాత భయంతో దాచి, ఆ భయానికి విశ్వాసమని పేరు పెట్టుకున్నాం.

ఇంకొకటి గమనించండి. విడిచిపెట్టడమంటే ఆమె బిడ్డను నీళ్లలోకి విసిరేయలేదు. పెట్టెకు సందుల్లేకుండా పూత పూసింది. బిడ్డ అక్క దూరంగా నిలబడి చూసింది. ఆ తర్వాత దేవుడు చేసిన కార్యం చూడండి! ఫరో కుమార్తె జీతమిచ్చి మరీ ఆ తల్లి చేతికే బిడ్డను పాలివ్వమని అప్పగించింది. బిడ్డ పెద్దవాడయ్యాక మళ్లీ తీసుకెళ్లి రాజభవనంలో అప్పగించింది కూడా ఆ తల్లే. అంటే యోకెబెదు ఒక్క బిడ్డను రెండుసార్లు విడిచింది. మధ్యలో ఆమెకు దొరికిన ఆ కొద్దికాలమే ఆమె నడిపిన ఇంటి బడి. అంత పెద్ద రాజభవనంలో పెరిగినా ఆ పిల్లవాడు తన జనాన్ని మరచిపోలేదు.

చదవడం పూర్తయింది. ప్రార్థన చేయాల్సిన నాన్న చాలాసేపు కళ్లు మూసుకునే ఉన్నారు. చివరికి కళ్లు తెరిచి ‘నీ మీద నమ్మకం లేక కాదమ్మా, మాకు భయం. నిన్న కంచం వదిలి లేవడం నాదే తప్పు, క్షమించు’ అన్నారు. ఎన్నో ఏళ్లుగా పిల్లలకు క్షమాపణ గురించి చెప్పాం. అడగడం చూపించింది ఆ రోజే. పెద్దమ్మాయి ఏడ్చింది. ‘నాకూ భయమే నాన్నా’ అంది.

ఏటి ఒడ్డున

ఎన్ఐఓఎస్‌నుంచి వచ్చిన మైగ్రేషన్ కమ్ ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్టు, మార్కుల మెమో పట్టుకుని జూలైలో ఒక జూనియర్ కాలేజీకి వెళ్లాం. హాస్టల్ వద్దు, రోజూ ఇంటికి వచ్చేలా చూసుకున్నాం. వెళ్లేముందు మేమూ కొంత పూత పూయక తప్పలేదు. బస్సులో ఎవరైనా చేయి వేస్తే గట్టిగా అరవాలని, తప్పు తనది కాదని అమ్మ కూర్చోబెట్టి చెప్పింది. మార్కులు తగ్గినా, పొరపాటు జరిగినా ముందు మా దగ్గరికే రావాలని, వస్తే తిట్లకు ముందు అన్నం పెడతామని మాటిచ్చాం.

మొదటిరోజు బస్టాపు దాకా వస్తామంటే పెద్దమ్మాయి వద్దంది. సరేనన్నాం. చిన్నమ్మాయి మాత్రం పాల ప్యాకెట్ నెపంతో వెళ్లి, అక్క బస్సెక్కేదాకా కిళ్లీకొట్టు పక్కన నిలబడి చూసొచ్చింది. మోషే అక్కకు ఆ పని ఎవరు చెప్పారో మా చిన్నదానికీ వాళ్లే చెప్పి ఉంటారు.

అంతా సుఖంగా సాగిందని చెప్పం. మొదటి పరీక్షలో ఫిజిక్స్‌లో ఇరవై ఐదుకు తొమ్మిది వచ్చాయి. ‘బడికే వెళ్లలేదట’ అని కొందరు నవ్వారట. ఆ సాయంత్రం వచ్చి వంటగట్టు ఎక్కి కూర్చుంది. ఆ ముఖం చూడగానే పాత కడుపునొప్పి గుర్తొచ్చి మాకు గుండె జారింది. ఇచ్చిన మాట ప్రకారం ముందు అన్నం పెట్టాం. తిన్నాక తనే మొదలుపెట్టి అన్నీ చెప్పింది. చివర్లో ‘కాలేజీ మానను, ఫిజిక్స్ మాత్రం రోజూ ఒక గంట చెప్పమ్మా’ అంది. ఒంటిగంట నియమం ఆ రోజుతో రద్దయింది. చిన్నమ్మాయిని అడిగితే తను ఇంకో ఏడాది ఇంట్లోనే చదువుతానంది. ఈసారి ఏడాది చివర మళ్లీ అడుగుతామని గోడమీది చీటీలోనే రాసుకున్నాం.

పిల్లల్ని బడికి పంపేవారూ, ఇంట్లో చదివించేవారూ చేసే పని ఒక్కటే. మన చేతిలో ఉన్న కొద్దికాలంలో పెట్టెకు పూత పూయడం. సాయంత్రం బిడ్డ చెప్పేది చివరిదాకా వినడం ఒక పూత. తప్పు చేసినప్పుడు బిడ్డముందే ఒప్పుకోవడం మరో పూత. అవి లేకుండా ఇంట్లో ఎంత దాచినా బిడ్డకు భద్రత లేదు. అవి ఉంటే ఏ నది ఒడ్డునైనా ఆ పెట్టె తేలుతుంది. మన కన్ను అందని మలుపులో కూడా ఆ నదిమీద ప్రభువు కన్ను ఉంటుంది.

ఇప్పటికీ సాయంత్రం ఐదు దాటితే మా చూపులు గేటు వైపే. భయం పూర్తిగా పోలేదు. దాన్ని రోజూ ఉదయం ఆరింటికి ప్రార్థనలో పెట్టి లేస్తున్నాం.