తీగకు తూము లేదు.. లెక్కే దారి

రామగుండం: ఇక్కడి ఎన్టీపీసీ కేంద్రంలోని ఏడు థర్మల్ యూనిట్ల సామర్థ్యం 2,600 మెగావాట్లు. అందులో ఏ రాష్ట్రానికి ఎంత వాటా అన్నది కాగితంపై ఖరారై ఉంటుంది. తీగలకు మాత్రం ఆ కాగితంతో నిమిత్తం లేదు. కాలువ నీటిని తూము వద్ద మళ్లించవచ్చు. మామూలు ఏసీ లైన్లకు అటువంటి తూములు ఉండవు. ఉన్న దారులన్నింటిలోకీ విద్యుత్తు చీలిపోతుంది. అవరోధం తక్కువగా ఉన్న దారిన ఎక్కువ ప్రవహిస్తుంది. ఎక్కడ ఎంతన్నది ముందే గణించడాన్ని ఇంజినీర్లు ‘లోడ్ ఫ్లో’ అంటారు.

రెండు సబ్‌స్టేషన్ల నడుమ రెండు లైన్లున్నాయనుకుందాం. రెండోదాని అవరోధం మొదటిదానికి రెట్టింపు. 300 మెగావాట్లు పంపితే మొదటి లైనులో 200, రెండోదానిలో 100 వెళతాయి. ఒక్కోటి 250 మోయగలదు గనుక చూడడానికి నిశ్చింతే. కానీ ఒకటి ఆగిపోతే మొత్తం 300 రెండోదానిపై పడుతుంది. అందుకే ఒక్కో లైనును లెక్కలోంచి తీసివేసి, మిగిలినవి తట్టుకుంటాయా అని పరీక్షిస్తారు.

వేల సబ్‌స్టేషన్ల వలలో ఇది చేతి లెక్కకు లొంగదు. ప్రతిచోటా వోల్టేజీ, దాని ఫేజ్ కోణం తేలాలి. ఒకచోట మారితే మిగతాచోట్లా మారుతుంది. అందువల్ల తొలుత ఒక అంచనా వేసి, తేడా చూసి, సవరించి, మళ్లీ లెక్కిస్తారు. తేడా దాదాపు సున్నా అయ్యేదాకా ఇదే తంతు. న్యూటన్-రాఫ్సన్ పద్ధతిలో సాధారణంగా కొద్ది విడతల్లోనే జవాబు వస్తుంది.

భారం హద్దు మీరితే ఏమవుతుందో 2012 జులైలో దేశం చూసింది. బీనా-గ్వాలియర్ మార్గంలో ఒక సర్క్యూట్‌ను సామర్థ్యం పెంపు పనుల కోసం నిలిపివేశారు. ఉత్తరాది రాష్ట్రాలు కేటాయింపునకు మించి వాడుకుంటున్నాయి. మిగిలిన 400 కేవీ లైను 30వ తేదీ వేకువన ట్రిప్ అయింది. నిజానికి లైనులో లోపమేమీ లేదు. అధిక భారాన్నే రక్షణ రిలే లోపంగా పరిగణించింది. ఉత్తర గ్రిడ్ కుప్పకూలింది. దానిని పునరుద్ధరించాక, మర్నాడు తూర్పు, ఈశాన్య గ్రిడ్లతో సహా మళ్లీ కూలింది. సుమారు 60 కోట్ల మంది నివసించే ప్రాంతానికి సరఫరా ఆగిపోయింది.

దక్షిణాదికి ఆ ముప్పు తప్పింది. అప్పట్లో మన గ్రిడ్‌కు పొరుగు గ్రిడ్లతో ప్రధానంగా డీసీ లింకులే ఉండేవి. గాజువాక లింకు, రామగుండం వైపు వచ్చే భద్రావతి లింకు అటువంటివే. వాటిలో ఎంత పంపాలో మనమే నిర్ణయించవచ్చు. ఒక రకంగా అవి తూములే! 2013 డిసెంబరు 31న రాయచూర్-షోలాపూర్ 765 కేవీ ఏసీ లైనుతో దక్షిణ గ్రిడ్ మిగతా దేశంతో నేరుగా కలిసింది. పొరుగు విద్యుత్తు రావడం సులువైంది. అయితే షోలాపూర్ అవతల ఒక పెద్ద లైను ఆగినా దాని ప్రభావం మన లైన్లపై పడుతుంది. గణన ఇక దేశమంతటికీ కలిపి చేయవలసిందే.