ఊదేదీ పాడేదీ ఒకే నోరు

గిటారిస్టు వాయిస్తూనే పాడొచ్చు. సాక్సోఫోన్ వాయించేవాడికి ఆ వెసులుబాటు లేదు, రీడ్ నోట్లో ఉన్నంతసేపూ పాట బంద్. అమెరికా ప్రయోగాత్మక రాక్ సంగీతకారుడు ఫ్రాంక్ జప్పా బృందంలో నెపోలియన్ మర్ఫీ బ్రాక్ ఈ రెండు పనులూ చేశాడు. సందు దొరికితే చిందులూ వేసేవాడు.

జప్పా కంట అతను పడింది హవాయిలో. 1973లో సెలవులకని వెళ్ళిన జప్పా అక్కడి క్లబ్బులో బ్రాక్ పాట విని, తన బృందంలోకి రమ్మన్నాడు.

సాక్సోఫోన్ ఒళ్ళంతా ఇత్తడే. అయినా దాన్ని వుడ్‌విండ్ వాద్యాల్లోనే లెక్కిస్తారు, ఎందుకంటే నాదం పుట్టేది రెల్లు రీడ్ కంపనంతో. మన నాదస్వరానికి జంట రీడ్, దీనికి ఒంటి రీడ్. బ్రాక్ వాయించే ఫ్లూట్‌కైతే అసలు రీడే లేదు. అంటే ఒకే కచేరీలో పెదవుల పట్టు మార్చుకుంటూ, మధ్యలో గొంతూ సవరించుకోవాలన్నమాట.

బృందంలో చేరిన కొద్ది నెలలకే, 1973 డిసెంబరులో వెస్ట్ హాలీవుడ్ రాక్సీ థియేటర్ కచేరీలు జరిగాయి. సినిమా కూడా తీశారు కానీ బొమ్మకూ ధ్వనికీ పొంతన కుదరలేదు. ఆ చిత్రం బయటికొచ్చింది 2015లో! జప్పా 1993లోనే కన్నుమూశాడు. 1974లో వచ్చిన ‘రాక్సీ అండ్ ఎల్స్‌వేర్’ ఆల్బమ్‌లో ‘విలేజ్ ఆఫ్ ద సన్’ వినండి. కాలిఫోర్నియా ఎడారి అంచున టర్కీ కోళ్ళు పెంచే ఊరు, కార్ల రంగు ఊడగొట్టే ఇసుక గాలి, ఇవన్నీ జప్పా కుర్రతనపు జ్ఞాపకాలు. వాటిని పాడింది మాత్రం బ్రాక్. నా మటుకు అతని గొంతుకు అదే అసలైన చిరునామా.

1974 సెప్టెంబరులో హెల్సింకీ కచేరీలో ఒక శ్రోత ‘విప్పింగ్ పోస్ట్’ వాయించమని కేకేశాడు. అది ఆల్‌మన్ బ్రదర్స్ అనే మరో రాక్ బృందం పాట, జప్పా బృందానికి రాదు. జప్పా ఆ మాటను అక్కడికక్కడే తన ‘మోంటానా’ పాటలో ఇరికించి నవ్వించాడు. పదేళ్ళకు, 1984 నాటి ‘దెమ్ ఆర్ అస్’ ఆల్బమ్‌లో ఏకంగా ‘విప్పింగ్ పోస్ట్’నే విడుదల చేశాడు. హెల్సింకీలోనే వాయించిన గిటారు సోలోను లాస్ ఏంజెలిస్ టీవీ స్టూడియో రికార్డింగ్‌లో అతికిస్తే ‘ఇంకా రోడ్స్’ తయారైంది. ‘వన్ సైజ్ ఫిట్స్ ఆల్’ (1975)లోని ఆ పాటలో ఎగిరే పళ్ళేల గురించి పాడేది కీబోర్డు కళాకారుడు జార్జ్ డ్యూక్. బ్రాక్ ఫ్లూట్, సాక్సోఫోన్ వెనకనుంచి తోడొస్తాయి. అదే ఆల్బమ్‌లో ‘ఫ్లోరెంటైన్ పోగెన్’కి అతనే ప్రధాన గాయకుడు.

‘బాంగో ఫ్యూరీ’ (1975) ఆల్బమ్‌లో అతనికి తోడు గాయకుడు కెప్టెన్ బీఫ్‌హార్ట్. ఆల్బమ్ అట్ట మీద బీఫ్‌హార్ట్ పేరు పక్కన మౌత్ ఆర్గాన్, గాత్రం, షాపింగ్ సంచులు అని ఉంటుంది. సంచులు ఏ రాగంలో మోగాయో!

1984 నాటి ‘థింగ్ ఫిష్’ ఆల్బమ్‌లో బ్రాక్‌ది ఈవిల్ ప్రిన్స్ వేషం, విలన్ గొంతు.

2009లో బ్రాక్‌కి గ్రామీ దక్కింది. జప్పా కొడుకు డ్వీజిల్ అప్పట్లో నడిపిన ‘జప్పా ప్లేస్ జప్పా’ బృందంతో, గిటారిస్టు స్టీవ్ వాయ్‌తో కలిసి వాయించిన జప్పా బాణీ ‘పీచెస్ ఎన్ రెగాలియా’కి. ఇంతటి గాయకుడికి అవార్డు వచ్చింది సాహిత్యమే లేని బాణీకి! 1969 నాటి అసలు రికార్డులో ఫ్లూట్, క్లారినెట్, సాక్సోఫోన్ అన్నీ ఇయాన్ అండర్‌వుడ్ ఒక్కడే పొరలు పొరలుగా వాయించాడు.