ఆల్బమ్ సరే... తాళంచెవి ఎవరి దగ్గర?

వాకర్స్ క్లబ్‌లో ఓ పెద్దాయన కాలం చేశారనుకోండి. పెద్దకర్మ నాటికి పటం కట్టించాలి. 'కిందటేడు వనభోజనాల్లో నాన్నగారు చక్కగా నవ్వుతూ పడ్డారట కదా అంకుల్, ఆ ఫొటో ఉందా?' అని కొడుకు ఫోన్ చేస్తాడు. ఆ ఫొటో అందరికీ గుర్తే. ఎవరి దగ్గర ఉందన్నదే తెలీదు. తీసినాయన ఫోన్ మార్చేశారు. వాట్సప్ గ్రూపులో గంటసేపు వెతికితే ఎలాగో దొరుకుతుంది. తీరా పెద్దది చేయిస్తే... ముఖమంతా మసక! వాట్సప్ మామూలుగా ఫొటో సైజు తగ్గించి పంపుతుంది మరి.

అందుకే క్లబ్‌కంటూ ఆన్‌లైన్‌లో ఓ ఆల్బమ్ ఉండాలి. అయితే దేన్ని ఎంచుకోవాలి?

వచ్చాయి... పోయాయి!

ముందు కాస్త వెనక్కి చూద్దాం. ఒకప్పుడు ఎందరో వాడిన యాహూ ఫొటోస్ 2007లో మూతపడింది. కుర్రకారు ఫొటోలతో కళకళలాడిన ఆర్కుట్ 2014లో సెలవు తీసుకుంది. 2006లో మొదలైన పికాసా వెబ్ ఆల్బమ్స్ కథ 2016లో ముగిసింది. ఉన్నవి కూడా మాట మీద నిలవలేదు. 2013లో ఒక టెరాబైట్ చోటు ఉచితమన్న ఫ్లికర్, చేతులు మారాక 2018లో ఆ లెక్క మార్చేసింది. ఇప్పుడు ఉచిత ఖాతాలో వెయ్యి ఫొటోలు, వీడియోలే దాచుకోవచ్చు. గూగుల్ ఫొటోస్ కూడా ఎన్ని ఫొటోలైనా ఉచితమన్న సదుపాయాన్ని 2021 జూన్ 1 నుంచి ఆపేసింది.

దీన్నిబట్టి తెలిసేదేంటి? ఆన్‌లైన్ ఆల్బమ్ అద్దె ఇల్లు లాంటిది. ఎంత బాగున్నా ఏదో ఒకరోజు ఖాళీ చేయాల్సి రావచ్చు. కాబట్టి లోపలికి వెళ్లడం ఎంత సులువో కాదు, బయటికి రావడం ఎంత సులువో ముందు చూడాలి.

ఈ నాలుగూ అడగండి

చోటు ఎంత? గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలోనే మెయిల్, డ్రైవ్, ఫొటోలు అన్నీ సర్దుకోవాలి. ఫొటో ఒక్కోటి 3 ఎంబీ అనుకుంటే దాదాపు అయిదువేలు పడతాయి. వీడియోలు పెడితే ఇట్టే నిండిపోతుంది. అప్‌లోడ్ చేసేటప్పుడు 'ఒరిజినల్ క్వాలిటీ' ఎంచుకోవడం మరవద్దు.

ఖాతా ఎవరిది? అసలు చిక్కంతా ఇక్కడే. గూగుల్ ఫొటోస్‌లో పదిమందీ కలిసి ఒకే ఆల్బమ్‌లో ఫొటోలు చేర్చవచ్చు. కానీ చేర్చిన సభ్యుడు ఆల్బమ్ నుంచి తప్పుకుంటే ఆయన ఫొటోలూ వెళ్లిపోతాయి! అందుకే కార్యదర్శి సొంత ఖాతాలో కాకుండా క్లబ్ పేరుతో ఖాతా తెరవండి. సభ్యులు పెట్టిన ఫొటోల్ని ఆ ఖాతాలోకి సేవ్ చేసుకోండి. పాస్‌వర్డ్ ఇద్దరికి తెలియాలి. కార్యవర్గం మారినప్పుడు క్యాష్‌బుక్‌తోపాటు అదీ అప్పగించాలి. రెండేళ్లపాటు ఎవరూ తెరవని ఖాతాను తొలగించే హక్కు గూగుల్‌కు ఉంది. ఆ సంగతీ గుర్తుంచుకోవాలి.

ఎవరు చూస్తారు? లింకు పంపితే ఖాతా లేని తాతగారు కూడా ఆల్బమ్ చూడవచ్చు. సౌకర్యమే! కాకపోతే ఆ లింకు ఎవరి చేతికి వెళ్తే వాళ్లంతా చూస్తారు. పిల్లల ఫొటోలు పెట్టేముందు తల్లిదండ్రుల్ని అడగడం మర్యాద. ఫొటో తీసిన చోటు వివరాలు కనబడకుండా సెట్టింగ్స్ మార్చుకోవడం జాగ్రత్త.

తిరిగి తెచ్చుకోవచ్చా? గూగుల్ టేకౌట్‌తో ఖాతాలోని ఫొటోలన్నీ ఒకేసారి దించుకోవచ్చు. వేరే సంస్థ అయితే, ముందు ఓ యాభై ఫొటోలు పెట్టి చూడండి. అవే సైజులో, తేదీలతో సహా తిరిగి వస్తేనే మిగతావి పెట్టండి.

ఇంట్లోనూ ఓ కాపీ

ఏ సంస్థను నమ్మినా ఏడాదికోసారి ఫొటోలన్నీ రెండు హార్డ్‌డిస్కుల్లోకి ఎక్కించి, ఇద్దరు సభ్యుల ఇళ్లలో ఉంచండి. ఫోల్డర్‌కు ఏడాది, సందర్భం పేరు పెట్టండి. ఫొటోలో ఎవరెవరున్నారో రాయండి. ఇవాళ అందరూ తెలిసినవాళ్లే. ఇరవై ఏళ్ల తర్వాత చెప్పేవాళ్లు ఉండొద్దూ!

అప్పుడు ఆ కొడుకు ఫోన్ చేస్తే వెతుకులాట ఉండదు. 'నాన్నగారి ఫొటో పంపుతున్నా బాబూ' అనడానికి నిమిషం చాలు.