కారుకి ఒక ఛార్జి, మనకి ఒక ఛార్జి

బ్రిటన్‌లో మా ఆఫీసు పార్కింగులో నాలుగైదేళ్ళ క్రితం ఎలక్ట్రిక్ కార్లు వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని ఉండేవి. ఇప్పుడు ఎటు చూసినా అవే. ఐటీ ఉద్యోగాల్లో ఉన్న మనవాళ్ళు చాలామంది శాలరీ శాక్రిఫైస్ పద్ధతిలో, అంటే జీతంలోంచి నెలనెలా కోతపడేలా, ఈ కార్లు తీసుకుంటున్నారు. పన్ను కలిసొస్తుంది, పెట్రోలు బంకుకి వెళ్ళే పని తప్పుతుంది. వీటితోపాటు ఒక కొత్త తలనొప్పి కూడా వచ్చిపడింది. సూపర్‌మార్కెట్ దగ్గరో, రిటైల్ పార్కులోనో కారుని ఛార్జింగుకి పెడతాం. పదిరోజుల తర్వాత ఇంటికి ఒక ఉత్తరం వస్తుంది: "అనుమతించిన సమయం కన్నా ఎక్కువసేపు నిలిపారు కనుక 100 పౌండ్లు కట్టండి".

"కరెంటుకి డబ్బు కట్టాను కదా, మళ్ళీ ఇదేమిటి?" అన్నది అందరికీ వచ్చే మొదటి ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే, కానీ అప్పీలులో అది పెద్దగా పనికిరాదు. పనికొచ్చేవేమిటో ఈ నెల చూద్దాం. నేను చెప్పేది ఇంగ్లాండు, వేల్సులకి వర్తిస్తుంది. స్కాట్లాండు, ఉత్తర ఐర్లాండులలో చట్టం వేరు.

అది జరిమానా కాదు

ముందు ఉత్తరం ఎవరు పంపారో చూడండి. కౌన్సిల్ పంపే దానినీ, ప్రైవేటు కంపెనీ పంపే దానినీ కూడా పి.సి.ఎన్. అనే అంటారు. కౌన్సిల్‌ది పెనాల్టీ ఛార్జ్ నోటీస్, దాని వెనక చట్టం ఉంటుంది. ప్రైవేటు కంపెనీది పార్కింగ్ ఛార్జ్ నోటీస్. అది కేవలం ఒక ఒప్పందం తాలూకు బాకీ. బోర్డు మీద షరతులు రాసిపెట్టారు, మీరు కారు ఆపారు కాబట్టి ఆ షరతులకి ఒప్పుకున్నట్టే అన్నది వాళ్ళ వాదన. ఇందులో నేరం ఏమీ లేదు, పోలీసు రికార్డు ఏమీ ఉండదు. వీసా మీద ఉన్నవాళ్ళు ఉత్తరం చూడగానే హడలిపోయి కట్టేయనక్కర్లేదు.

మీ చిరునామా వాళ్ళకెలా తెలిసింది? వాహనాల రిజిస్ట్రేషన్లు చూసే డి.వి.ఎల్.ఏ., గుర్తింపు పొందిన సంఘాల్లో సభ్యత్వం ఉన్న పార్కింగ్ కంపెనీలకి, వివరానికి రెండున్నర పౌండ్లు తీసుకుని, కారు ఎవరి పేరున ఉందో చెబుతుంది. అలాంటి సంఘాలు రెండున్నాయి: బ్రిటిష్ పార్కింగ్ అసోసియేషన్, ఇంటర్నేషనల్ పార్కింగ్ కమ్యూనిటీ. 2024 అక్టోబరు నుంచి ఈ రెండింటికీ కలిపి ఒకే నియమావళి ఉంది.

రెండు గడియారాలు

ఇప్పుడు మన రంగానికి సంబంధించిన విషయానికి వద్దాం. కారు ఛార్జింగులో ఉన్నంతసేపూ రెండు వేరువేరు వ్యవస్థలు దాన్ని గమనిస్తుంటాయి.

మొదటిది గేటు దగ్గరి ఏ.ఎన్.పి.ఆర్. కెమెరా. నంబరు ప్లేటు ఫోటో తీసి, అక్షరాలు గుర్తుపట్టి, లోపలికి వచ్చిన సమయం, బయటికి పోయిన సమయం రాసుకుంటుంది. మధ్యలో ఏం జరిగిందో దానికి తెలియదు. ఖాళీ కోసం తిరిగిన సమయం, ఛార్జరు కోసం లైనులో ఉన్న సమయం, అన్నీ దాని లెక్కలో పార్కింగే. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వెళ్ళినప్పుడు మధ్యలో ఒక ఫోటో తప్పిపోతే, రెండు రాకల్నీ కలిపి రోజంతా అక్కడే ఉన్నట్టు చూపించే ప్రమాదం కూడా ఉంది.

రెండవది ఛార్జరు. చాలా ఛార్జర్లు ఓ.సి.పి.పి. అనే ప్రోటోకాల్ ద్వారా తమ సర్వరుతో మాట్లాడతాయి. సెషన్ ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది, మీటరు ఎంత తిరిగింది, ఏ ఎర్రరు వచ్చింది, అన్నీ అక్కడ నమోదవుతాయి.

ఈ రెండు వ్యవస్థలూ సాధారణంగా రెండు వేరు కంపెనీలవి. ఒకదానితో ఒకటి మాట్లాడవు. మీరు కరెంటు కొన్న సంగతి కెమెరాకి తెలియదు, రెండు గంటల పరిమితి ఉన్న సంగతి ఛార్జరుకి తెలియదు. ఆ రెండు రికార్డుల్నీ పక్కపక్కన పెట్టి చూపించే పని మనమీదే పడుతుంది. అప్పీలు గెలిచేది కోపంతో కాదు, ఈ పనితోనే.

ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది. ఛార్జరు లాగుల్లో సమయం చాలాసార్లు యూటీసీలో ఉంటుంది. మార్చి చివరినుంచి అక్టోబరు చివరిదాకా బ్రిటన్ గడియారం దానికంటే గంట ముందుంటుంది. రసీదులో 1:40 అని ఉండి, కెమెరా ఫోటోలో 2:25 అని ఉంటే, కారు రాకముందే ఛార్జింగ్ మొదలైందని చదివేవాళ్ళు అనుకుంటారు. పంపేముందు సరిచూసుకుని, తేడా ఎందుకుందో ఒక వాక్యంలో రాయండి.

లెక్క ఎందుకు కుదరదు

పార్కింగ్ పరిమితులు బజారు పనికోసం పెట్టినవి, బ్యాటరీకోసం కాదు. 60 కిలోవాట్ అవర్ బ్యాటరీని 20 శాతం నుంచి 80 శాతానికి తేవాలంటే 36 యూనిట్లు కావాలి. 7.4 కిలోవాట్ల స్తంభం దగ్గర అయితే దాదాపు అయిదు గంటలు. గంటన్నర పరిమితి ఉన్నచోట అందులో ఎక్కేది 11 యూనిట్లే. 50 కిలోవాట్ల రాపిడ్ ఛార్జరు అయితే కాగితం మీద 43 నిమిషాలు, చలిలో ఇంకాస్త ఎక్కువ. 80 శాతం దాటాక బ్యాటరీ భద్రత కోసం వేగం బాగా తగ్గిపోతుంది కనుక చివరి 20 శాతానికి చాలాసేపు పడుతుంది. అందుకని కేబుల్ తగిలించేముందు రెండు బోర్డులు చదవాలి: ఛార్జరు మీద కిలోవాట్లు, స్తంభం మీద గంటలు.

కొన్ని ఛార్జింగ్ నెట్‌వర్కులు ఛార్జింగ్ అయ్యాక కూడా కారు తియ్యకపోతే నిమిషానికింత అని వేస్తాయి. అది యాప్ ఒప్పందం ప్రకారం వచ్చేది. పార్కింగ్ ఛార్జికీ దానికీ సంబంధం లేదు.

ఏ వాదన నిలుస్తుంది, ఏది నిలవదు

"20 నిమిషాల ఆలస్యానికి వాళ్ళకి 100 పౌండ్ల నష్టమా?" అన్న వాదనకి 2015లోనే కాలం చెల్లింది. చెమ్స్‌ఫర్డ్‌లోని ఒక రిటైల్ పార్కులో రెండు గంటల పరిమితిని 56 నిమిషాలు దాటినందుకు వేసిన 85 పౌండ్ల ఛార్జి మీద బారీ బీవిస్ అనే ఆయన సుప్రీంకోర్టుదాకా వెళ్ళి ఓడిపోయారు. స్థలం ఖాళీ అవుతుండేలా చూడటంలో కంపెనీకి న్యాయమైన ప్రయోజనం ఉందనీ, ఆ మొత్తం అన్యాయం కాదనీ 2015 నవంబరు 4న తీర్పు వచ్చింది. అయితే ఆ కేసులో బోర్డులు పెద్దవిగా, స్పష్టంగా ఉన్నాయి. కనుక బోర్డు సరిగ్గా లేదన్న వాదనకి ఇప్పటికీ బలం ఉంది. ఛార్జింగ్ స్థలాలకి వేరే నియమం ఉందా? ఛార్జరు దగ్గర నిలబడితే పరిమితి కనిపిస్తుందా? ఫోటోలు తీసి పెట్టుకోండి.

నిలిచే వాదనలు ఇంకా కొన్ని ఉన్నాయి. ఒకటి, అనుమతించిన సమయం అయ్యాక సాధారణంగా కనీసం 10 నిమిషాల గ్రేస్ పీరియడ్ ఇవ్వాలని నియమావళి చెబుతుంది. రెండు, 2012 నాటి ప్రొటెక్షన్ ఆఫ్ ఫ్రీడమ్స్ చట్టం ప్రకారం, అద్దం మీద కాగితం అంటించకుండా కెమెరా ఆధారంగా పంపే నోటీసు, కారు నిలిపిన మర్నాటినుంచి 14 రోజుల్లోగా చేరాలి. ఆలస్యమైతే కారు ఎవరి పేరున ఉందో వాళ్ళని బాధ్యుల్ని చెయ్యలేరు, నడిపినవాళ్ళనే అడగాలి. ఎవరు నడిపారో ప్రైవేటు కంపెనీకి చెప్పితీరాలని చట్టం లేదు. అలాగని అబద్ధం మాత్రం రాయకండి. మూడు, కారు కదల్లేని పరిస్థితి.

ఈ మూడోది నా సొంత అనుభవం. మే నెలలో ఒక రిటైల్ పార్కులో పరిమితి 90 నిమిషాలు. కెమెరా లెక్కలో నా రాక 2:25, పోక 4:16. అంటే 111 నిమిషాలు. ఛార్జింగ్ 2:40కి మొదలై 3:35కి ఆగింది. అప్పటికి ఇంకా 20 నిమిషాల సమయం ఉంది. కానీ సెషన్ ముగిసిందని ఛార్జరు కారుకి చెప్పలేదు, అందుకని కారు ప్లగ్గుని వదల్లేదు. 3:39కి హెల్ప్‌లైనుకి ఫోన్ చేశాను. వాళ్ళు దూరంనుంచి ఛార్జరుని రీస్టార్ట్ చేస్తే 4:12కి ఊడింది. నా ఫోన్ కాల్ జాబితా, యాప్ రసీదు, ఛార్జరు కంపెనీ ఇచ్చిన లాగు, అన్నీ ఒక పేజీలో వరసగా పెట్టి అప్పీలు చేశాను. "ఛార్జింగులో ఉన్నా పార్కింగ్ షరతులు వర్తిస్తాయి" అని పార్కింగ్ కంపెనీ జవాబిచ్చింది. నేను అడిగిన ప్రశ్న అది కాదు! అవే కాగితాలు స్వతంత్ర అప్పీలుకి పంపితే ఛార్జి రద్దయింది.

పబ్లిక్ ఛార్జర్లకి 24 గంటల ఉచిత హెల్ప్‌లైను ఉండాలని 2023 నాటి నిబంధనలు చెబుతున్నాయి. 2024 నవంబరు నుంచి అది అమల్లో ఉంది. ఇబ్బంది వస్తే వెంటనే ఫోన్ చెయ్యండి. సాయం అందినా అందకపోయినా, ఆ కాల్ ఒక రికార్డు.

బ్యాటరీ నిండలేదని కూర్చున్నవాళ్ళకి మాత్రం ఈ వాదన పనిచెయ్యదు. బోర్డు స్పష్టంగా ఉండి, నోటీసు వేళకి వచ్చి ఉంటే, తగ్గింపు ధర కట్టేసి ఊరుకోవడమే మంచిది.

అప్పీలు మెట్లు

మొదట దుకాణం మేనేజరుకి, ఆ రోజు సరుకులు కొన్న రసీదుతో, మర్యాదగా రాయండి. స్థలం వాళ్ళదైతే ఒక్క మాటతో రద్దు చేయించగలరు. దాంతోపాటే, ఉత్తరంలో తేదీనుంచి 28 రోజుల్లోగా పార్కింగ్ కంపెనీకి అప్పీలు చెయ్యండి. 14 రోజుల్లో కడితే సాధారణంగా 40 శాతం తగ్గిస్తారు, అంటే 100కి 60. కాబట్టి ఆ 14 రోజుల్లోనే అప్పీలు పంపడం మంచిది. కెమెరా ఫోటోలు, మీమీద ఉన్న సమాచారం ఇమ్మని డేటా రక్షణ చట్టం కింద అడగొచ్చు. నెలలోగా, ఉచితంగా ఇవ్వాలి.

కంపెనీ కాదంటే తర్వాతి మెట్టు స్వతంత్ర అప్పీలు. మొదటి సంఘం సభ్యులకి పోప్లా, రెండో సంఘం సభ్యులకి ఐ.ఏ.ఎస్. మన కలెక్టరుగారు కాదు లెండి, ఇండిపెండెంట్ అప్పీల్స్ సర్వీస్! పోప్లాకి 28 రోజుల్లోగా వెళ్ళాలి. అక్కడ గెలిస్తే కంపెనీ దానికి కట్టుబడాలి. ఓడితే తగ్గింపు ధర పోయినట్టే, మొత్తం అడుగుతారు. ఇది తెలిసే దిగండి.

పారేస్తే ఏమవుతుంది

"ప్రైవేటు ఉత్తరాలు చించి పారేయ్, ఏం కాదు" అని సలహా ఇచ్చే స్నేహితుడు ప్రతివాళ్ళకీ ఒకడుంటాడు. ఆ మాట వినకండి. వసూలు ఏజెన్సీల ఉత్తరాలు వస్తాయి, బాకీ మీద 70 పౌండ్లదాకా అదనంగా వేస్తారు. ఆ తర్వాత కౌంటీ కోర్టు నోటీసు వస్తుంది. దానికి 14 రోజుల్లో ఏదో ఒక జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే మీ మాట వినకుండానే తీర్పు వస్తుంది. నెలలోగా కట్టకపోతే ఆ తీర్పు ఆరేళ్ళు రిజిస్టరులో ఉంటుంది. ఇల్లు కొందామని బ్యాంకుకి వెళ్ళినప్పుడు 100 పౌండ్ల పార్కింగ్ అక్కడ బయటపడుతుంది.

ప్రాజెక్టు మారినప్పుడల్లా ఊరు మారే మనవాళ్ళకి ఈ ప్రమాదం ఎక్కువ. ఉత్తరాలన్నీ పాత ఇంటికి పోతాయి. డి.వి.ఎల్.ఏ.లో చిరునామా మార్చుకోకపోతే వెయ్యి పౌండ్లదాకా జరిమానా కూడా పడొచ్చు. కారు లీజుదైతే మొదటి ఉత్తరం లీజు కంపెనీకి వెళ్తుంది. కొన్ని కంపెనీలు మనల్ని అడక్కుండానే కట్టేసి, తమ రుసుముతో కలిపి మన జీతంలోంచి పట్టుకుంటాయి. "ఇలాంటివొస్తే కట్టకండి, నా పేరు ఇవ్వండి" అని వాళ్ళకి ముందే ఒక ఈమెయిల్ రాసి పెట్టుకోండి.

ప్రైవేటు పార్కింగుకి ప్రభుత్వ నియమావళి తేవాలని 2019లో చట్టం వచ్చింది. 2022 ఫిబ్రవరిలో వెలువడిన నియమావళిని జూన్‌లో వెనక్కి తీసుకున్నారు. 2025 జూలైలో మళ్ళీ ప్రజాభిప్రాయం అడిగారు. ఏ నియమావళి వచ్చినా, ఆ రెండు గడియారాల్నీ కలిపి చదివి చెప్పాల్సింది మనమే. కాబట్టి ఛార్జింగ్ రసీదులు ఈమెయిల్లో కనీసం ఒక ఏడాది ఉంచండి. అవి చెరపకుండా ఉంచడానికి పైసా ఖర్చు లేదు.