ప్రవాహ సంపాదకుడు – ‘సెడ్’

లేఖనము ఎంత ప్రాచీనమో లేఖక ప్రమాదమును అంత ప్రాచీనము. తాటియాకుపై గంటము పట్టిన లేఖకుడైనను, ఉర్దూ పత్రికకు కలము పట్టిన కాతిబైనను, పడిన తప్పును దిద్దుటకు పుట పుటను స్వయముగా వెదకవలసినదే. నేడు మన వ్రాతలు చాల వరకు కంప్యూటరును చేరినవి. తప్పులును వెంట వచ్చినవి. వానిని దిద్దుటకు తోడ్పడు ఒక చిన్న సాధనమును గూర్చి విద్యార్థి మిత్రులకు వివరింపదలచితిమి. దాని పేరు ‘సెడ్’. స్ట్రీమ్ ఎడిటర్, అనగా ప్రవాహ సంపాదకుడు, అను పేరునకిది సంక్షిప్తరూపము.

దీనిని 1973–74 ప్రాంతమున అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో లీ మెక్‌మాన్ రూపొందించెను. 1979లో వెలువడిన యూనిక్సు ఏడవ కూర్పుతో ఇది లోకమునకు పరిచితమయ్యెను. అంతకు పూర్వము అచట కెన్ థాంప్సన్ వ్రాసిన ‘ఎడ్’ అను సంపాదక సాధనముండెను. మెక్‌మాన్ ‘ఫెడరలిస్టు’ పత్రములనబడు 85 వ్యాసములను పరిశీలింపబూనగా, అంత పాఠము ‘ఎడ్’ యొక్క స్మృతిలో ఇమడదయ్యెను. ‘ఎడ్’ దస్త్రమునంతను ఒక్కసారిగా పట్టుకొనవలసి యుండుటయే ఇందుకు కారణము.

‘సెడ్’ మార్గము వేరు. అది ఒక పంక్తిని చదువును. మన ఆజ్ఞను దానిపై నిర్వర్తించును. ఫలితమును బయటికి పంపును. పిదప తరువాతి పంక్తిని అందుకొనును. తూము నుండి నీరు పారినట్లు పాఠము పారుచుండును. అందువలన దస్త్రము పది పంక్తులదైనను, పది లక్షల పంక్తులదైనను దానికి ఒక్కటే.

ముఖ్యమైన ఆజ్ఞ మార్పిడి. దాని రూపమిది: ఎస్/పాతమాట/కొత్తమాట/జి. మొదటి అక్షరము ‘మార్చుము’ అని చెప్పును. ఏటవాలు గీతలు మాటలను వేరుచేయును. చివరి ‘జి’ లేనిచో ప్రతి పంక్తిలో మొదటి మాట మాత్రమే మారును. ఉన్నచో అన్నియు మారును. ‘డి’ అను ఆజ్ఞ పంక్తిని తొలగించును. ‘పి’ దానిని ముద్రించును.

ఇక మన రెండు భాషల సంగతి. యూనికోడు పద్ధతిలో ప్రతి అక్షరమునకు ఒక సంఖ్య కలదు. అరబీ ‘యే’ సంఖ్య 1610. ఉర్దూలో వాడు ‘యే’ సంఖ్య 1740. పదము చివర వీని రూపములు వేరైనను, పదము మధ్య రెండును ఒకే తీరున కనిపించును. ‘సయ్యద్’ అను పేరును ఒకరు అరబీ కీబోర్డుతోను, మరియొకరు ఉర్దూ కీబోర్డుతోను ఎక్కించినచో, మన కంటికి భేదము లేదు. యంత్రమునకు అవి రెండు పేర్లు. తెలుగులోను సున్న (3074), అంకెలలోని పూజ్యము (3174) ఇట్టివే. ఉపకారవేతనముల జాబితాలో వెదకినపుడు పేరు దొరకకున్న, ఆ విద్యార్థి లేనట్లే లెక్క. అరబీ ‘యే’ స్థానమున ఉర్దూ ‘యే’ నుంచుమని ‘సెడ్’కు ఒక్క ఆజ్ఞ ఇచ్చిన జాబితా యంతయు ఏకరూపమగును.

అయితే ఈ సేవకునకు విధేయతయే కాని వివేకము లేదు. జాబితాలో ‘అలి’ అని యున్న పేర్లను ‘అలీ’గా మార్చుమందుమేని, తిరుపతిలోని అలిపిరి ‘అలీపిరి’యగును, కథలో అలిగిన కోడలు ‘అలీగిన’ కోడలగును! కావున పాతమాట చివర ఒక ఖాళీని చేర్చి, కొత్తమాట చివరను దానిని నిలుపవలెను. లేనిచో తరువాతి పదము వచ్చి అతుకుకొనును. పేరు పక్కన కామా ఉన్న చోట్లకును, పంక్తి చివరి చోట్లకును వేరు ఆజ్ఞలు వ్రాయవలెను.

మరి రెండు జాగ్రత్తలు. సాధారణముగా ‘సెడ్’ మూలమును తాకదు. దిద్దిన పాఠమును తెరపై చూపును. ఆ ఫలితమును కొత్త పేరుతో భద్రపరచవలెను. మూలదస్త్రము పేరునకే మళ్లించినచో, చదువుటకు ముందే అది ఖాళీయగును, ఉన్నదంతయు పోవును. రెండవది, ఆజ్ఞకు ముందు ‘ఎన్’ గుర్తును, చివర ‘పి’ని చేర్చినచో మారిన పంక్తులు మాత్రమే కనిపించును. వానిని చదివిన పిదపనే దిద్దుబాటును అంగీకరించుట మేలు.

లినక్సు కంప్యూటర్లయందు ఈ సాధనము సిద్ధముగానే యుండును. వేరుగా కొనవలసిన పనిలేదు. వేయి పంక్తులను దిద్దు శ్రమను అది తీసికొనును. ఏది తప్పో, ఏది ఒప్పో నిర్ణయించు బాధ్యత మాత్రము మనదే. ఆ జాబితాలోని ప్రతి పంక్తియు ఒక మనిషి పేరు కదా!