నీళ్ళ ఒడ్డున ప్రేమనగర్!

కొండవాలు నిండా మెట్లుమెట్లుగా తెల్లటి ఇళ్ళు. వాటి మధ్య నీలం గుమ్మటాలు. కింద కనుచూపు మేర సముద్రం. పల్లవికి హీరో ఒక మేడ మీద, చరణానికి హీరోయిన్ ఇంకో మేడ మీద, పాట అయ్యేసరికి ఇద్దరూ ఒకే పిట్టగోడ మీద! ఇలాంటి పాటలు మీరు బోలెడు చూసే ఉంటారు. చూసి, "అబ్బ, అలాంటి ఇల్లొకటి మనకీ ఉంటేనా…" అని నిట్టూర్చే ఉంటారు.

నిట్టూర్పు తప్పు కాదు. మన సినిమాకి ఇంటి మీద మోజు ఈనాటిదా? 1971లో వచ్చిన 'ప్రేమనగర్'నే తీసుకోండి. జమీందారు కల్యాణ్ తను ప్రేమించిన లత కోసం ఏకంగా ఒక భవనమే కట్టించాడు! అక్కినేని, వాణిశ్రీ అందులో నడుస్తుంటే హాల్లో జనం నటీనటుల్ని ఎంత చూశారో ఆ మేడనీ అంతే చూశారు. 2009లో 'అరుంధతి' వచ్చింది. అంతకుముందు ఎవరూ పెద్దగా పట్టించుకోని బనగానపల్లె నవాబుల బంగళాకి కాస్తా 'అరుంధతి కోట' అని పేరు పడిపోయింది. సినిమా చెయ్యి పడితే పాడుబడ్డ గోడకి కూడా గ్లామర్ వస్తుందన్నమాట!

ఇప్పుడా గ్లామర్ మా పాలమూరు వైపు కూడా నడిచొచ్చింది. అదెలా వచ్చిందో చెబుతాను, వినండి.

మినీ మాల్దీవులట!

నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్ నుంచి పది కిలోమీటర్లు వెళితే సోమశిల. ఒక పక్క నల్లమల కొండలు, ఇంకో పక్క కృష్ణ. శ్రీశైలం ఆనకట్ట వెనక నిలబడ్డ నీళ్ళు ఇక్కడిదాకా పరుచుకుని ఉంటాయి. వానలు బాగా పడిన ఏడు ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో గుట్ట మీద నిలబడి చూస్తే అది నది అనిపించదు, సముద్రమే! సెల్‌ఫోను రీళ్ళలో దీనికి 'మినీ మాల్దీవులు' అని ముద్దు పేరు. టూరిజం వాళ్ళు కాటేజీలు కట్టారు. 2015-16లో పాలమూరు ఎకో టూరిజం సర్క్యూట్‌కి కేంద్రం మంజూరు చేసిన 91 కోట్ల చిల్లరలో సోమశిలకీ వాటా దక్కింది. 2024లో మరో పథకం కింద ఇక్కడి 'వెల్‌నెస్' కేంద్రానికి ఇంకో 68 కోట్లు ప్రకటించారు.

ఇక ప్లాట్ల వాళ్ళు ఊరుకుంటారా?

నేను వెళ్ళిన రోజున ఒక కుర్రాడు బైకు దిగకుండానే అడిగాడు. "అన్నా, ప్లాటా, ఫార్మ్‌లాండా?" ఊరికే చూడ్డానికొచ్చానన్నాను. నవ్వాడు. "అందరూ చూడనీకే వస్తరన్నా. చూసినంక కొంటరు. ఈడ భూమికి రేటు లేదు, వ్యూకే రేటు. నీళ్ళు కనబడే ఎకరం వేరు, కనబడని ఎకరం వేరు."

నాకు ఆ మాట బాగా నచ్చింది. ఎందుకంటే పెద్ద పెద్ద దేశాల్లో రియల్ ఎస్టేట్ పండితులు వంద పేజీల్లో చెప్పే సంగతిని మావాడు ఒక్క ముక్కలో చెప్పేశాడు. పంట పండని రాతి గుట్టకి రైతు దగ్గర విలువ లేదు. అదే గుట్ట మీద నుంచి నీళ్ళు కనిపిస్తే పట్నం వాడి దగ్గర అదే బంగారం!

ఆ తెల్ల ఇళ్ళ అసలు కథ

ఇంతకీ పాటల్లో మనం చూసే ఆ తెల్లటి ఊరు ఎవరు కట్టారో తెలుసా? సాంటోరిని అనే ద్వీపం గ్రీసు దేశంలో ఉంది. వేల ఏళ్ళ కిందట అగ్నిపర్వతం పేలి పడిన గుంటలోకి సముద్రం వచ్చి చేరింది. ఆ గుంట అంచునే ఈయా అనే ఊరు. ఓడల కెప్టెన్లు పైన మేడలు కట్టుకున్నారు. ఓడల్లో పనిచేసే నావికులకి అంత స్తోమత లేదు. వాళ్ళు కింద కొండవాలుని తొలిచి గుహల్లాంటి ఇళ్ళు చేసుకున్నారు. ఇటుకలు కొననక్కర్లేదు, గోడలు లేపనక్కర్లేదు. అంటే ఇవాళ మన హీరోగారు చెయ్యి చాపి పాడే ఆ అరుగు ఒకప్పుడు ఏ పేద నావికుడి వాకిలో!

1956 జూలైలో పెద్ద భూకంపం వచ్చింది. చాలా ఇళ్ళు కూలిపోయాయి. జనం ఏథెన్స్‌కీ పై దేశాలకీ వలసపోయారు. ఊరు పాడుబడింది. తర్వాత 1970లలో గ్రీసు టూరిజం సంస్థ ఆ గుహ ఇళ్ళని బాగుచేసి అతిథి గృహాలుగా మార్చడం మొదలెట్టింది. ఇప్పుడవి ఖరీదైన సూట్లు. అక్కడ ఆస్తి కొంటే నివాస హక్కు ఇచ్చే పథకాన్ని గ్రీసు 2013లో తెచ్చింది. మొదట్లో రెండున్నర లక్షల యూరోలుంటే చాలు. 2024 సెప్టెంబరు నుంచి సాంటోరిని లాంటి చోట్ల ఎనిమిది లక్షల యూరోలు ఉండాలన్నారు. మన డబ్బులో ఏడెనిమిది కోట్లు!

ఉన్నవాళ్ళు లేచిపోయాక గానీ ఆ ఊరి అందానికి ధర రాలేదు. ఈ ముక్క గుర్తుంచుకుని మళ్ళీ మన సోమశిలకి రండి.

నీళ్ళ కింద ఏముంది?

శ్రీశైలం ప్రాజెక్టుకి 1963లో నెహ్రూగారు పునాది రాయి వేశారు. కట్టడం పూర్తికావస్తుండగా, 1981లో ముంపు ఊళ్ళు ఖాళీ చేయించారు. అటు కర్నూలు జిల్లా, ఇటు పాలమూరు జిల్లా, కృష్ణ, తుంగభద్రల ఒడ్డున వంద దాకా ఊళ్ళు. కదిలినవాళ్ళు లక్ష మంది వరకూ ఉంటారు. కరెంటు దీపం ఎక్కడెక్కడో వెలిగింది. వీళ్ళ ఇళ్ళలో దీపం ఆరింది.

దేవుళ్ళని మాత్రం జాగ్రత్తగా తరలించారు. కూడవెల్లి సంగమేశ్వరుడి గుడిని రాయి రాయి విప్పి అలంపురం తెచ్చి మళ్ళీ నిలబెట్టారు. జటప్రోలు గుళ్ళూ అంతే, సోమశిల సోమేశ్వరుడూ అంతే. ఎదుటి ఒడ్డున సప్తనది సంగమేశ్వరం గుడి మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది. నీళ్ళొస్తే మునుగుతుంది, ఎండాకాలం తేలుతుంది. అది తేలినప్పుడు సోమశిల నుంచి జనం పడవలెక్కి వెళ్ళి దర్శనం చేసుకుంటారు.

రేవు దగ్గర శనక్కాయలు అమ్ముకునే ఒక ముసలామెని అడిగాను, "అవ్వా, మీది ఈ ఊరేనా?" అని.

ఆమె చెయ్యెత్తి నీళ్ళకేసి చూపించింది. "గాడుండె బిడ్డా మా ఊరు. చింతచెట్టు, పక్కన మా ఇల్లు. మాగ్గావాలంటే ఎండలకాలం రాండ్రి, గోడ మొదలు కనబడ్తది."

"నష్టపరిహారం ఇచ్చారా?"

"ఇచ్చిండ్రు. గప్పటి రేటు." కాసేపాగి అన్నది, "ఇప్పుడు గీ నీళ్ళు జూసేతందుకే ఇంత పైసలిస్తున్నరంట గదా. నీళ్ళ కిందున్న మా పొలానికి గందులో కాలాన ఒక్క వంతన్న ఇయ్యకపోతిరి!"

నేను మాట్లాడలేకపోయాను. ఆమె శనక్కాయలు పొట్లం కట్టి ఇస్తూ "మంచిగ చూసిపో బిడ్డా, నీళ్ళు మంచిగున్నయ్" అన్నది. ఆ మాటలో ఎగతాళి లేదు. అదే ఇంకా కష్టం.

ఈ ప్రాంతంలో ఎవరిని కదిపినా '98 జీవో' అంటారు. ముంపు కుటుంబానికొక ఉద్యోగం ఇస్తామని 1986లో ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వు అది. కొందరికి వచ్చింది. రానివాళ్ళు దరఖాస్తు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతూనే ముసలివాళ్ళయ్యారు. వాళ్ళ పిల్లలు కూడా అదే కాగితం పట్టుకుని తిరిగారు.

ఇంకో సంగతి. 2007 జనవరిలో సింగోటం జాతరకి వస్తున్న జనంతో పడవ ఈ నీళ్ళలో మునిగి పదుల మంది ప్రాణాలు పోయాయి. అప్పటినుంచి వంతెన కావాలని రెండు ఒడ్ల వాళ్ళూ మొరపెట్టుకున్నారు. 2022లో కేంద్రం సోమశిల - సిద్ధేశ్వరం మధ్య వెయ్యి కోట్ల పైచిలుకు ఖర్చుతో తీగల వంతెనకి ఆమోదం చెప్పింది. చనిపోయినవాళ్ళ పేరు మీద అడిగిన వంతెన! ప్లాట్ల వాళ్ళ కరపత్రంలో మాత్రం అది 'ఐకానిక్ బ్రిడ్జి వ్యూ' అయి కూర్చుంది.

రాజావారి మేడలు ఏమయ్యాయి?

"మరి విలాస భవనాలు మన దగ్గర లేనే లేవా?" అని మీరు అడగొచ్చు. లేకేం! సంస్థానాల గడ్డ ఇది. గద్వాల, వనపర్తి, కొల్లాపూర్… ఒక్కొక్క రాజుదీ ఒక్కొక్క దర్జా. కానీ ఆ మేడల కథ వేరే మలుపు తిరిగింది.

వనపర్తి రాజావారి ప్యాలెస్‌కి వెళ్ళండి. గేటు దగ్గర మిమ్మల్ని ఆపే దివానుగారు ఉండరు. సైకిళ్ళు, బైకులు, భుజాన డ్రాయింగ్ సామాను వేలాడేసుకున్న కుర్రాళ్ళు ఉంటారు. 1959లో నెహ్రూగారి చేతుల మీదుగా అక్కడ పాలిటెక్నిక్ మొదలైంది. రాజులు నడిచిన వరండాల్లో పల్లెటూళ్ళ రైతు బిడ్డలు ఇంజనీరింగ్ డిప్లొమాలు చదివారు.

గద్వాల కోట సంగతీ అంతే. సోమనాద్రి భూపాలుడు పదిహేడో శతాబ్దంలో కట్టిన మట్టి బురుజుల కోట అది. లోపల చెన్నకేశవస్వామి గుడి. చివరి పాలకురాలు మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరుతో కోటలోనే ప్రభుత్వ డిగ్రీ కాలేజీ పెట్టారు. బయట వీధుల్లో మగ్గం మీద గద్వాల చీర నేసే ఇంటి పిల్ల కూడా ఆ కోట గుమ్మం దాటి క్లాసుకి వెళ్ళగలిగింది. రాణీవాసం సినిమాలో చూడాల్సిన ఖర్మ లేకపోయింది!

బురుజులు కూలుతున్నాయి, గోడలకి చెట్లు మొలిచాయి, నిజమే. మరమ్మతులు చేయించాల్సిందే. అయినా లెక్క వేసి చూడండి. మూడు జిల్లాల్లోకీ ఖరీదైన రెండు మేడలకి ధర కట్టి అమ్మి ఉంటే ఏ నాలుగు కుటుంబాలో అనుభవించేవి. బడి చేస్తే ఎన్ని వేల ఇళ్ళు నిలబడ్డాయో!

కొంటారా? అయితే ఇవి చూసుకోండి

ఇదంతా విని "అయితే ఎవరూ కొనకూడదా?" అని కోప్పడకండి. కష్టపడి సంపాదించినవాడు నీటి ఒడ్డున ఒక ఇల్లు కోరుకుంటే తప్పేమీ లేదు. ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు. కొనేముందు కూడా చూడమంటాను నేను.

ప్లాటుని ఏప్రిల్‌లో చూసి మురిసిపోకండి. సెప్టెంబరులో చూడండి! శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. వేసవిలో పచ్చగా జొన్న ఊగిన చోటే వరదొస్తే చేపలు ఈదుతాయి. ప్రాజెక్టు కోసం ప్రభుత్వం ఎప్పుడో తీసుకున్న భూమి అయితే దాన్ని అమ్మే హక్కు ఎవరికీ లేదు.

రెండోది, అసైన్డ్ భూమి. భూమి లేని పేదలకి సర్కారు ఇచ్చిన భూమిని కొనడం 1977 నాటి చట్టం ప్రకారం చెల్లదు. డబ్బూ పోతుంది, భూమీ పోతుంది. సాగుభూమిలో ఇల్లు కట్టాలంటే ముందు దాన్ని సాగేతర భూమిగా మార్పించుకోవాలి, లేఅవుటుకి అనుమతి ఉండాలి. రంగురంగుల ఆర్చి అనుమతి పత్రం కాదు సుమా!

మూడోది చట్టంలో లేదు, నేను చేరుస్తున్నాను. ఆ గుట్ట మీద నిలబడి, "ఈ నీళ్ళ కింద ఎవరి ఊరుంది? వాళ్ళిప్పుడు ఎక్కడున్నారు?" అని ఒక్కసారి అడగండి. రిసార్టులో తోటమాలిగానో, పడవ నడిపేవాడిగానో, రేవులో పొట్లాలు కట్టే అవ్వగానో మీ పక్కనే ఉంటారు. టూరిజానికి కోట్లు వస్తున్నప్పుడు పడవ లైసెన్సులు, దుకాణాలు, ఉద్యోగాలు ముందుగా ముంపు కుటుంబాలకే దక్కాలని అడిగే నోరు మనకుండాలి. వ్యూకి రేటు ఉందని బైకు కుర్రాడు చెప్పింది నిజం. ఆ రేటు మొదట కట్టినవాళ్ళు వాళ్ళు.

'ప్రేమనగర్'లో కల్యాణ్ అంత మేడా కట్టాడు. లత లేనిదే ఆ మేడలో అతనికి సుఖం లేకపోయింది. మనిషిని పోగొట్టుకున్న ఇల్లు ఎంత అందంగా ఉంటే మాత్రం ఏం లాభం? అది సినిమాకే కాదు, సోమశిల గుట్టకీ వర్తిస్తుంది.