గట్టుమీది రేగును నరుకుటకు ముందు

కర్నూలు, కడప సీమలో చేనిగట్ల మీద, వంకల ఒడ్డున, బీడు భూములలో విత్తకయే మొలచు రేగుచెట్టును మనము కంచెకు ముండ్లు, మేకలకు మేత, పొయ్యికి కట్టెలు ఇచ్చు చెట్టుగానే చూచుచున్నాము. భోగినాడు పిల్లల తలపై పోయుటకు దోసెడు పండ్లు కావలసినప్పుడు మాత్రమే అది జ్ఞప్తికి వచ్చును. ట్రాక్టరు తిరుగుటకు అడ్డమని దానిని వేళ్లతో పెకలించువారును కలరు. అట్లు చేయుటకు ముందు ఒక్క సంగతి గమనింపుడు.

మీ గట్టున పది రేగుచెట్లున్నచో ఒక్కొక్కదాని పండు కొరికి చూడుడు. ఒకటి పులుపు, ఒకటి తీపి, ఒకటి వగరు. ఒకదాని కాయ గుండ్రము, వేరొకదానిది కోల. ఒకటి సంక్రాంతికి ముందే పండును. ఒకటి మాఘము వరకు ఆగును. ఒకదాని కాయలను బూడిద తెగులు కమ్మును. ప్రక్కనున్న దానికి అంతగా సోకదు. ఈగలు, తేనెటీగలు ఏ చెట్టు పుప్పొడిని ఏ పూవునకు చేర్చునో తెలియదు. కనుక గింజనుండి మొలచిన ప్రతి రేగును ఒక క్రొత్త చెట్టే. అంటుమొక్క అట్లు కాదు. బనగానపల్లె మామిడి అంట్లన్నియు ఒకే గుణము గలవి యైనట్లు, ఒక రకపు రేగు అంట్లన్నియు ఒక్క చెట్టు క్రిందనే లెక్క. ఒకదానికి వచ్చిన తెగులు అన్నింటికిని వచ్చును.

ఉత్తరాదినుండి వచ్చిన గోలా, సేబ్, ఉమ్రాన్, బనారసీ కరాకా రకముల కాయలు పెద్దవి, కండగలవి. వీనికై క్రొత్త మొక్కలనే నాటనక్కరలేదు. గట్టుమీది చెట్టు తల్లివేరు ఇదివరకే లోతునకు దిగియున్నది. నారుమడినుండి తెచ్చిన మొక్కకు అది తెగిపోవుట కలదు. ఏప్రిల్, మే నెలలలో చెట్టు ఆకు రాల్చినపుడు నేలకు రెండడుగుల ఎత్తున నరుకుడు. వచ్చిన చిగుళ్లలో బలమైనవి రెండు మూడుంచి, పెన్సిలు లావైన పిమ్మట జూన్, జూలై నెలలలో మంచి రకపు కన్నును అంటుకట్టుడు. మధ్యధరా సముద్ర తీరవాసులు అడవి ఆలివ్ చెట్లకు మంచి కొమ్మలను అంటుకట్టునదియు ఈ ఉపాయముతోనే. అంటునకు దిగువ లేచు చిగుళ్లను మాత్రము ఎప్పటికప్పుడు గిల్లివేయవలెను. కొన్నాళ్లు ఏమరితిరా, అడవి చిగురే చెట్టును ఆక్రమించును. “మంచి రకము కట్టితిమి, చిట్టికాయలే కాచినవి” అని వాపోవువారి సంగతి సాధారణముగా ఇదియే.

అన్నింటికిని ఒకే రకము కట్టకుడు. రేగులో పెక్కు రకములకు తమ పుప్పొడితో కాయ నిలువదు. రెండు మూడు రకములు కలిపి కట్టుడు.

అన్ని అడవిచెట్లను మార్చివేయుటయు తగదు. టికడి అను చిన్నకాయ రకమునకు పండు ఈగ బాధ తక్కువ. దానిని జోధ్‌పూరులోని కేంద్ర శుష్క మండల పరిశోధన సంస్థవారు కండగల సేబ్‌తో సంకరపరచి, ఈగను తట్టుకొను చెట్లను పొందిరి. అమ్ముడుపోని ఆ చిట్టికాయలో ఇంత ప్రయోజనమున్నది. మీ గట్టున ఏ చెట్టులో ఏ గుణము దాగియున్నదో! రేగు వడియములకు మా ఇంటి ఆడవారు నేటికిని పులుపు నాటుకాయనే కోరుదురు, అంటుకాయ పనికిరాదట.

కావున వచ్చు సంక్రాంతికి కాయ పండునపుడు గట్లవెంట ఒకసారి నడువుడు. పురుగు లేని కాయ కాచినది, కరవు ఏట కూడ కాపు నిలిపినది, రుచిలో మిన్నయైనది ఏదో చూచి, మొదటికి సున్నపు పట్టీ పూయుడు. వేసవిలో గొడ్డలి పట్టినపుడు పట్టీ లేని చెట్లనే నరుకుడు.